పడిపోయాక ఏ మొహం పెట్టుకుని ప్రార్థనకు వెళ్లాలి?

వందనాలు తమ్ముడూ. నీ ప్రశ్న నిదానంగా చదివాను. పదో తరగతి సెలవుల్లో బాప్తిస్మం తీసుకున్నావు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, రూమ్‌లో ఒక్కడివే ఉన్నప్పుడు ఫోన్‌లో చూడకూడనివి చూసే అలవాటు నిన్ను వదలడం లేదు. పడిన ప్రతిసారీ వారాల తరబడి ప్రార్థన మానేస్తున్నావు. నీ బదులు అమ్మ చేత, ఊళ్లో పాస్టర్ గారి చేత ప్రార్థన చేయిస్తున్నావు. మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, ఉందంటే చర్చికే వెళ్లడం లేదు. హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం చదివిన దగ్గర్నుంచి నిద్ర కూడా పట్టడం లేదు. నా రక్షణ పోయిందా, మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా, అసలు ఏ మొహం పెట్టుకుని దేవుని దగ్గరికి వెళ్లాలి అని అడిగావు.

నేను పల్నాడు వైపు ఒక చిన్న సంఘం చూసుకుంటూ చాలా ఏళ్లుగా పరిచర్యలో ఉన్నాను. ఈ మూడు ప్రశ్నలూ నన్ను అడగని యవ్వనస్థులు తక్కువ, పైకి అడగకుండా లోపలే పెట్టుకుని కుమిలిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదువు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఈ రాత్రే ప్రార్థనకు కూర్చో. ఇంకో పది రోజులు మంచిగా ఉండి, మనసు కాస్త శుభ్రపడ్డాక వెళ్దామని ఆగకు. నువ్వు చేస్తున్న అసలు పొరపాటు అక్కడే ఉంది. ముందు బాగుపడి తర్వాత దేవుని దగ్గరికి వెళ్లాలనుకుంటున్నావు, వాక్యమేమో ముందు దగ్గరికి రా, బాగుపడడానికి కావలసిన సహాయం అక్కడే దొరుకుతుంది అంటోంది. హెబ్రీ 4:16 నీకు నోటికి వచ్చే ఉంటుంది, సండే స్కూల్లో కంఠస్థం చేయించే వచనమే: "గనుక మనము కనికరింపబడి సమయోచితమైన సహాయము కొరకు కృప పొందునట్లు ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము." కనికరం ఎవరికి కావాలి చెప్పు. తప్పు చేసినవాడికే కదా. సహాయం ఎవరికి కావాలి? తనంతట తాను లేవలేనివాడికి. ఆ వచనం రాసిందే నీలాంటి స్థితిలో ఉన్నవాళ్లకు. ఆ పత్రిక అందుకున్నవాళ్లు గొప్ప విశ్వాస వీరులేమీ కాదు, నమ్ముకున్నందుకు ఆస్తులు పోగొట్టుకుని, అవమానాలు పడి, అలిసిపోయి, ఇక వెనక్కి వెళ్లిపోదామా అనుకుంటున్న మనుషులు. వాళ్లతో అన్నమాట అది, ధైర్యంతో రండి అని.

ఇంకోటి గమనించు. ఆ వచనానికి పైన 12, 13 వచనాలు చదువు. దేవుని వాక్యం రెండంచుల ఖడ్గంలాంటిదనీ, ఆయన కళ్లకు కనబడనిది ఏదీ లేదనీ, అంతా ఆయన ముందు తేటగా ఉందనీ అక్కడ రాసి ఉంది. అది చదివితే ఎవరికైనా వణుకు పుడుతుంది. అక్కడితో ఆపేస్తే మనమంతా పారిపోవాల్సిందే. కానీ వెంటనే, మనకు యేసు అనే గొప్ప ప్రధానయాజకుడు ఉన్నాడు, మన బలహీనతలు ఆయనకు తెలుసు, అన్ని విషయాల్లో మనలాగే శోధింపబడ్డాడు, కానీ పాపం చేయలేదు అంటుంది. అంటే నువ్వు రాత్రి రెండింటికి ఫోన్‌లో ఏం చూశావో ఆయనకు తెలుసు. తెలిసే రమ్మంటున్నాడు. రెండు వారాలు నువ్వు దాక్కున్నంత మాత్రాన ఆయనకు తెలిసింది తెలియకుండా పోదు, ఈలోపు నువ్వు మాత్రం ఒంటరివాడివై ఇంకా బలహీనపడతావు. ఏదెను తోటలో ఆదాము చెట్ల మధ్య దాక్కున్నది కూడా ఈ భయంతోనే, అప్పుడు వెతుక్కుంటూ వచ్చింది దేవుడే.

ఈ ధైర్యం ఎంత పెద్ద విషయమో మనకు సరిగా అర్థం కాదు. ఎందుకంటే మనం పుట్టేసరికే తలుపు తీసి ఉంది. లేవీయకాండం 16వ అధ్యాయం ఒకసారి నిదానంగా చదువు, చాలామంది దాటేసే అధ్యాయం అది. మొదటి వచనమే అహరోను ఇద్దరు కొడుకులు చనిపోయిన తర్వాత అని మొదలవుతుంది. నాదాబు, అబీహు ఇష్టమొచ్చినట్టు నిప్పు పట్టుకుని దేవుని సన్నిధిలోకి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకని మోషేతో దేవుడు అన్నాడు, మీ అన్న ఎప్పుడు పడితే అప్పుడు తెర లోపలికి, అంటే అతి పరిశుద్ధ స్థలంలోకి, రాకూడదని. ఏడాదిలో ఒక్క రోజు, ఏడో నెల పదో రోజు. ఆ రోజు కూడా ఆ మెరిసే యాజక వస్త్రాలు విప్పేసి, ఒళ్లు కడుక్కుని, మామూలు నారబట్టలు కట్టుకోవాలి. ముందు తన పాపం కోసం, తన ఇంటివాళ్ల కోసం కోడెదూడను బలి ఇవ్వాలి. ధూపం పొగ కరుణాపీఠాన్ని, అంటే నిబంధన మందసం మూతను, కమ్మేలా చేయాలి, తాను చావకుండా ఉండడానికి అని స్పష్టంగా రాసి ఉంది. తర్వాత ఆ రక్తం వేలితో ఏడుసార్లు చిలకరించాలి. తర్వాత ప్రజల కోసం మేక, మళ్లీ రక్తం. ఆయన లోపలున్నంత సేపూ దేవుణ్ని ఆరాధించే ప్రత్యక్ష గుడారంలో ఇంకో మనిషి ఉండకూడదు. ఇంతా చేసి, మళ్లీ వచ్చే ఏడాది మొదటి నుంచి అదే పని.

ఈ సందర్భంలో ఒక మాట. ప్రధానయాజకుడి కాలికి తాడు కట్టేవారనీ, లోపల చచ్చిపోతే బయటికి లాగడానికనీ మన ప్రసంగాల్లో తరచుగా వింటుంటాం. అది బైబిల్లో ఎక్కడా లేదు. చాలా తర్వాత, మధ్యయుగాల నాటి యూదుల రచనల్లో కనిపించే మాట అది. భయం పుట్టించడానికి బాగానే పనికొస్తుంది గానీ, లేవీయకాండంలో ఉన్నదే చాలినంత గంభీరంగా ఉంది, దానికి మనం ఏమీ అతికించనక్కర్లేదు.

ఇది యాజకుడి సంగతి. రాజు సంగతి కూడా చూడు. ఉజ్జియా యూదాను బలంగా ఏలిన రాజు, మంచి రాజే. గర్వం తలకెక్కి, ధూపం వేయడానికి తానే ఆలయంలోకి వెళ్లాడు. యాజకుల ముందే నుదుట కుష్ఠు లేచింది, చనిపోయేదాకా వేరే ఇంట్లో ఉండిపోయాడు. రాజుకే అది పరిస్థితి. ఇక నీకూ నాకూ, యూదులే కాని వాళ్లకు, ఎంత దూరంలో చోటు? యెరూషలేములో హేరోదు కట్టించిన ఆలయంలో అన్యజనుల ఆవరణం దాటి లోపలికి వెళ్లకుండా ఒక అడ్డుగోడ, దాని మీద రాతి పలకలు ఉండేవి. వాటిలో ఒకటి 1871లో దొరికింది, ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. దాని మీద గ్రీకు అక్షరాల్లో ఉన్న సంగతి ఇది: పరదేశి ఎవడూ ఈ కంచె దాటి లోపలికి రాకూడదు, పట్టుబడితే వాడి చావుకు వాడే బాధ్యుడు. పౌలును యెరూషలేములో జనం పట్టుకుని కొట్టింది కూడా ఈ గొడవ మీదే. ఎఫెసువాడైన త్రోఫిమును ఆ గోడ దాటించి లోపలికి తీసుకెళ్లాడనుకున్నారు. అలాంటి పౌలు సంకెళ్లలో ఉండి ఎఫెసువాళ్లకు ఏం రాశాడో చూడు: మునుపు దూరస్థులైన మీరు క్రీస్తు రక్తం వల్ల సమీపస్థులయ్యారు, మధ్య గోడను ఆయన పడగొట్టాడు. ఆ మాట రాసినవాడికి అది ఊరికే వచ్చిన మాట కాదు.

ఈ మాట మన తెలుగు నేల మీద ఎంత బరువుగా పడిందో కూడా నువ్వు తెలుసుకోవాలి. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పనిచేసిన రోజుల్లో నమ్ముకున్నవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వరు, గుడి వాకిట్లోకి రానివ్వరు, దూరంగా నిలబడడమే పుట్టుకతో నేర్పిన పాఠం. 1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. కానీ ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు, గింజల కోసం, కూలి కోసం వచ్చారనే మాట రాకూడదని. సాయం చేయడం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. చివరికి 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది తెల్లదొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. తరతరాలుగా ఎక్కడికి వెళ్లినా దూరం జరుగు అన్నమాటే విన్న మనుషులకు, దగ్గరికి రండి అన్నమాట ఎలా వినబడి ఉంటుందో ఆలోచించు. వాళ్లు అర్హత సంపాదించుకుని రాలేదు, అర్హత లేదని లోకం అంతా చెప్పినవాళ్లే వచ్చారు. మనలో చాలామంది కుటుంబాలకు ఈ విశ్వాసం అలాంటి ముత్తాతల నుంచే వచ్చింది. వాళ్లు దాటి వచ్చిన గోడను మనం మనసులో మళ్లీ కట్టుకోకూడదు తమ్ముడూ. నాకు ఈ విషయం చెప్పేటప్పుడల్లా గొంతు పూడుకుపోతుంది.

యేసు ప్రాణం విడిచినప్పుడు ఆలయపు తెర పైనుంచి కింది వరకు రెండుగా చినిగిందని మత్తయి రాశాడు. పైనుంచి, అంటే మనిషి చేయి అందేచోటు నుంచి కాదు. ఇక హెబ్రీ పదో అధ్యాయంలో ఒక చిన్న వివరం నాకు ఎంతో ఇష్టం. ప్రతి యాజకుడూ దినదినం నిలబడి అవే బలులు అర్పిస్తూ ఉంటాడు, ఈయనైతే పాపాల కోసం ఒక్క బలి అర్పించి కూర్చున్నాడు. ప్రత్యక్ష గుడారంలో బల్ల ఉంది, దీపస్తంభం ఉంది, ధూపవేదిక ఉంది, యాజకుడు కూర్చోవడానికి మాత్రం ఏమీ చేయించినట్టు నిర్గమకాండంలో కనబడదు. పని ఎప్పటికీ అయిపోదు కాబట్టి కూర్చునే పని లేదు. యేసు కూర్చున్నాడంటే పని అయిపోయింది. నీ పాపానికి ఇంకా ఏదో బాకీ ఉందని, రెండు వారాల దిగులుతో, ఏడుపుతో నువ్వు దాన్ని తీర్చుకోవాలని అనుకుంటున్నావు చూడు, అది వినయంలా కనిపిస్తుంది గానీ వినయం కాదు. ఆయన చేసింది సరిపోలేదు, నా బాధ కూడా కొంచెం కలపాలి అన్నట్టే.

ఇలా చెబితే నా దగ్గరికి వచ్చే పెద్దలు వెంటనే అడిగేది ఒకటే, అయ్యగారూ, ఇలా చెబితే కుర్రాళ్లకు పాపమంటే భయం ఉంటుందా అని. పౌలును కూడా ఇదే అడిగారు, రోమా ఆరో అధ్యాయం మొత్తం దానికి జవాబే. కానీ నీ విషయంలోనే చూడు, ఆ భయం నిన్ను ఎప్పుడైనా ఆపిందా? పడ్డావు, భయపడ్డావు, ప్రార్థన మానేశావు, ప్రార్థన లేని ఆ వారాల్లోనే మళ్లీ మళ్లీ పడ్డావు. ఇంకెలాగూ చెడిపోయాను అన్న ఆలోచన మనిషిని పాపంలోకి తోసినంతగా ఇంకేదీ తోయదు. పాపం మానే శక్తి దేవుని సన్నిధిలో ఉంది, ఆ సన్నిధికే దూరంగా ఉంటూ పాపం మానాలని చూస్తున్నావు. కీర్తన 32లో దావీదు చెప్పింది కూడా ఇదే, మౌనంగా ఉన్నన్నాళ్లూ ఎముకలు క్షీణించాయి, ఒప్పుకున్న రోజు క్షమాపణ దొరికింది. యోహాను అయితే రెండూ పక్కపక్కనే పెట్టాడు: మీరు పాపం చేయకూడదని రాస్తున్నాను, ఎవడైనా పాపం చేస్తే తండ్రి దగ్గర మనకు ఉత్తరవాది, అంటే మన పక్షాన మాట్లాడేవాడు, ఉన్నాడు. మొదటిది వదిలేసి రెండోది పట్టుకోకూడదు, నువ్వు చేస్తున్నట్టు మొదటిది పట్టుకుని రెండోది వదిలేయనూ కూడదు.

ధైర్యం అంటే లెక్కలేనితనం కాదు. లూకా 18లో పరిసయ్యుడు నిలబడిన తీరు నిజానికి చాలా ధైర్యంగానే ఉంటుంది, వారానికి రెండుసార్లు ఉపవాసం, పదో వంతు కానుక, అన్నీ ఏకరువు పెట్టాడు. ఆ ధైర్యం తన మీద తనకున్నది. సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, దూరంగా నిలబడి, కళ్లెత్తే ధైర్యం కూడా లేక, రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు. వాడే నీతిమంతుడిగా తీర్పు పొంది ఇంటికి వెళ్లాడు. వాడు వణుకుతూనే వచ్చాడు, కానీ వచ్చాడు. నీకు వణుకు పోవాలని నేను అనడం లేదు. వణుకుతూనే రా.

ఒప్పుకోవడం కూడా గాలిలో కాకుండా సూటిగా ఉండాలి. "ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు" అని మనం అలవాటుగా అనేస్తాం. నీకు తెలిసి చేసింది ఉంది కదా, దాని పేరు పెట్టి చెప్పు. ఆ తర్వాత చేతల్లో ఏదైనా చెయ్యి. రాత్రి ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టి పడుకో, రూమ్‌లో ఒక్కడివే ఉండకుండా చర్చి యూత్‌లో ఎవరితోనైనా కలిసి ఉండే వీలు చూసుకో. నమ్మకమైన ఒక పెద్ద సహోదరుడికి ఈ విషయం ఉన్నది ఉన్నట్టు చెప్పు, యాకోబు 5:16 మనకు చెప్పింది అదే. గుంపు ముందు సాక్ష్యంగా చెప్పకు, వాట్సాప్ ప్రేయర్ గ్రూపులో పెట్టకు. ఒక్క మనిషి చాలు, నోరు కట్టేసుకోగలిగిన మనిషి.

ఇక పాస్టర్ గారి చేత ప్రార్థన చేయించుకోవడం గురించి. చేయించుకో, మంచిదే, పౌలంతటివాడు కూడా నా కోసం ప్రార్థించండి అని సంఘాలను అడిగాడు. కానీ నువ్వు చేస్తున్నది వేరు. మన దగ్గర ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్లాలన్నా, ఆసుపత్రిలో బెడ్ దొరకాలన్నా తెలిసినవాళ్ల చేత ఒక మాట చెప్పించుకోవడం అలవాటు, అదే అలవాటు దేవుని దగ్గరికీ తీసుకెళ్లాం. పాస్టర్ గారు చెబితే వింటాడు, నేను చెబితే వినడు. అందుకే ప్రార్థన నూనె సీసాలకు అంత గిరాకీ, ఫలానా దైవజనుడు తల మీద చేయి వేస్తే తప్ప పని కాదనే నమ్మకం. ఒకే దేవుడు, దేవునికీ మనుషులకూ మధ్య ఒకే మధ్యవర్తి, ఆయన యేసు అని మొదటి తిమోతి 2:5. సేవకుడిగా చెబుతున్నాను, నేను మోకరించినప్పుడు నాకు తెరిచే తలుపూ, నువ్వు మోకరించినప్పుడు నీకు తెరిచే తలుపూ ఒకటే. నా నీతిని బట్టి నాకు తెరవడం లేదు, నీ పాపాన్ని బట్టి నీకు మూయడం లేదు. కానుక పంపితే ప్రత్యేక ప్రార్థన అనేవాళ్లు ఎవరైనా తగిలితే, అలాంటివాళ్లకు దూరంగా ఉండు.

హెబ్రీ 6:4-6. ఇది నిన్ను నిద్రపోనివ్వడం లేదన్నావు కాబట్టి తప్పించుకోకుండా చెబుతాను. ఒకసారి వెలిగింపబడి, పరలోక వరాన్ని రుచి చూసి, తర్వాత తప్పిపోయినవాళ్లను మారుమనస్సు పొందేలా మళ్లీ నూతనపరచడం అసాధ్యం అని ఉంది. నిజమే, గట్టి మాట. దీని మీద సంఘాల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ బోధను అనుసరించేవారు, వాళ్లు సంఘంలో ఉండి అన్నీ రుచి చూశారు గానీ నిజంగా తిరిగి జన్మించినవాళ్లు కాదంటారు. 18వ శతాబ్దంలో ఇంగ్లాండులో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన వెస్లీ బోధను అనుసరించేవారు, నిజంగా నమ్మినవాడు కూడా కావాలని క్రీస్తును వదిలేయగలడు, ఇది ఆ హెచ్చరిక అంటారు. నీ విషయంలో మాత్రం ఈ రెండు వర్గాలూ ఒకటే మాట చెబుతాయి. అక్కడ చెప్పింది శోధనలో పడి ఏడుస్తున్నవాడి గురించి కాదు, క్రీస్తునే కాదని, ఆయన్ని బహిరంగంగా అవమానపరిచి, వెనక్కి తిరిగి చూడాలనే కోరిక కూడా లేనివాడి గురించి. పదో అధ్యాయం 26 నుంచి 29 వచనాలు చదివినా అంతే, అక్కడున్నవాడు దేవుని కుమారుణ్ని కాళ్లతో తొక్కినవాడు. నువ్వు ఆయన్ని పోగొట్టుకున్నానేమో అని భయపడుతున్నావు, ఆ మనిషికి ఈ భయమే ఉండదు. పైగా ఆరో అధ్యాయం తొమ్మిదో వచనం చదవకుండా పుస్తకం మూసేసి ఉంటావు. ప్రియులారా, మేం ఇలా మాట్లాడుతున్నా మీ విషయంలో మాత్రం మంచిదే, రక్షణకు సంబంధించినదే నమ్ముతున్నాం అంటాడక్కడ. పేతురు ముమ్మారు బొంకాడు, ఒట్టు పెట్టుకుని మరీ బొంకాడు. అలా జరుగుతుందని ముందే తెలిసిన యేసు, నీ నమ్మిక తప్పిపోకుండా నీ కోసం వేడుకున్నాను అన్నాడు. పేతురు బొంకకముందే ఆయన పేతురు కోసం ప్రార్థన చేసి పెట్టాడు. ఆ ప్రధానయాజకుడే ఇప్పుడు నీకున్నాడు.

ప్రార్థనలో నాకేమీ అనిపించడం లేదు, అందుకే రక్షణ లేదేమోనని కూడా రాశావు. జాన్ వెస్లీ సంగతి చెబుతాను. గురువుగా అభిషేకం పొంది పదేళ్లు దాటింది, అమెరికాలో జార్జియాకు మిషనరీగా వెళ్లి వచ్చాడు, కానీ లోపల నిశ్చయత లేదు. ఓడలో వెళ్తున్నప్పుడు తుపాను వస్తే, తోటి ప్రయాణికులైన మొరేవియన్ అనే జర్మన్ సంఘపు విశ్వాసులు ప్రశాంతంగా కీర్తనలు పాడుకుంటుంటే, తనకు చావంటే భయమేసింది. 1738 మే 24న లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూడికలో, రోమా పత్రికకు జర్మన్ సంస్కర్త లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుండగా, క్రీస్తు తన పాపాలను కూడా తీసేశాడని నమ్మకం కలిగింది, హృదయం వెచ్చబడినట్టు అనిపించింది. ఇంతవరకు మన సాక్ష్యాల్లో వింటూ ఉంటాం. ఆ తర్వాతది ఎవరూ చెప్పరు. ఏడు నెలలు తిరిగేసరికి, 1739 జనవరిలో, నేను క్రైస్తవుణ్ని కానని ఆయనే డైరీలో రాసుకున్నాడు. ఆ అనుభూతి చల్లారిపోయింది. అయినా ప్రకటించడం మానలేదు, 1791లో చనిపోయేదాకా. అనుభూతి వస్తుంది, పోతుంది. దాని మీద రక్షణను నిలబెడితే సోమవారం రక్షణ ఉంటుంది, మంగళవారం ఉండదు. దేవుని కుమారుని నామంలో విశ్వాసముంచిన మీకు నిత్యజీవం ఉందని మీరు తెలుసుకోవాలని రాస్తున్నాను అన్నాడు యోహాను. తెలుసుకోవాలని. అనిపించాలని కాదు.

ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఒకే పాపాన్ని రోజుకు పదిసార్లు ఒప్పుకున్నా తృప్తి లేకపోవడం, ప్రార్థనలో ఒక మాట తప్పు పలికానని మళ్లీ మొదటి నుంచి చేయడం, దేవుడి మీద దూషణ ఆలోచనలు వద్దన్నా బుర్రలోకి రావడం, నిద్ర, తిండి దెబ్బతినడం, ఇలాంటివి ఉంటే సైకియాట్రిస్టును కలువు. అది విశ్వాసం లేకపోవడం కాదు, వైద్యం ఉన్న జబ్బు. ఇంగ్లిష్ కవి విలియం కూపర్ ఎంత భక్తిపరుడో, ఆయన రాసిన కీర్తనలు సంఘాలు నేటికీ పాడుకుంటున్నాయి. అలాంటి మనిషి 1773లో మానసిక వ్యాధి తిరగబెట్టాక, దేవుడు తనను శాశ్వతంగా వదిలేశాడని నమ్మి, చర్చికి వెళ్లడమే మానేశాడు. అప్పుడు ఆయన స్నేహితుడు, పాస్టర్ జాన్ న్యూటన్ ఆయన్ని నెలల తరబడి తన ఇంట్లో పెట్టుకుని చూసుకున్నాడు. ఆ రోజుల్లో మందులు లేవు, ఇప్పుడున్నాయి. ఉపవాస కూడికకు వెళ్తే చాలు, డాక్టర్ ఎందుకు అనేవాళ్ల మాట వినకు.

ప్రభు బల్ల. ఇది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ప్రసంగం అయిపోయి, బల్ల మీద కప్పిన తెల్లగుడ్డ మడతలు విప్పుతుండగానే, వెనక వరసల్లోంచి ఒక్కొక్కరే లేస్తారు. గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంటారు, పిల్లాడు ఏడుస్తున్నాడనో, బస్సుకు టైమైందనో. కూర్చున్నవాళ్లలో కూడా కొందరు, చిన్న గ్లాసుల ట్రే దగ్గరికి రాగానే తల దించుకుని పక్కవాళ్లకు జరిపేస్తారు. మా సంఘంలో ఒక పెద్దామె కోడలితో మాట పట్టింపు వచ్చి ఏళ్ల తరబడి బల్ల ముట్టలేదు. అయోగ్యంగా తింటే శిక్ష అని చిన్నప్పుడు విన్న మాట ఆమెను పట్టుకుంది. నేను ఆమెకు మొదటి కొరింథీ 11వ అధ్యాయం 20వ వచనం నుంచి చదివి వినిపించాను. అక్కడ గొడవ ఏంటి? కలిగినవాళ్లు ముందే వచ్చి తిని తాగి మత్తులో ఉన్నారు, లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు, పేదవాళ్లను సిగ్గుపరిచి దానికి ప్రభు భోజనం అని పేరు పెట్టారు. పౌలు మండిపడింది దాని మీద. ఆ తర్వాత ఏం చేయమన్నాడో కూడా చూడు: ప్రతి మనిషీ తనను తాను పరీక్షించుకోవాలి, అలా చేసి ఆ రొట్టె తినాలి, ఆ పాత్రలోది తాగాలి. పరీక్షించుకుని లేచి వెళ్లిపోవాలని అనలేదు. పరీక్షించుకోవడం తినడం కోసమే. ఆ పెద్దామె ఆ వారమే కోడలితో మాట్లాడింది, తర్వాతి నెల బల్లలో చేయి వేసింది. నువ్వు కూడా శనివారం రాత్రి కూర్చుని ఒప్పుకోవాల్సింది ఒప్పుకో, ఆదివారం వెళ్లి తీసుకో. పాపాన్ని వదలను, కావాలనే చేస్తాను అని మొండికేసినవాడు ఆగాలి, నిజమే. పోరాడుతున్నవాడు ఆగకూడదు, ఆ రొట్టె వాడి కోసమే విరిగింది.

మళ్లీ బాప్తిస్మం వద్దు. పదిహేనేళ్ల వయసులో తెలిసీ తెలియకుండా తీసుకున్నానేమో అన్నావు. ఆనాడు యేసు నా రక్షకుడు అని నమ్మి నీళ్లలో దిగావా లేదా అన్నదే చూడు, నమ్మిన దానిలో ఎంత అర్థమైందన్నది వేరే సంగతి, అది జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. పడిన ప్రతిసారీ బాప్తిస్మం తీసుకుంటూ పోతే ఎన్నిసార్లు తీసుకుంటావు? పేతురును యేసు మళ్లీ నీళ్లలో ముంచలేదు, ఒడ్డున నిప్పులు వేసి, చేపలు కాల్చి, భోజనం పెట్టి, నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగి, గొర్రెలను అప్పగించాడు. ఒకవేళ ఆ రోజు నీకు నమ్మకమే లేదు, ఫ్రెండ్స్ అందరూ తీసుకుంటున్నారని తీసుకున్నాను అని తేలితే మాత్రం, అది మీ పాస్టర్ గారితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాల్సిన విషయం, ఫోన్‌లో తేలేది కాదు. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు మాట్లాడు. ఈలోపు అమ్మకు ఫోన్ చేసినప్పుడు నా కోసం ప్రార్థన చెయ్యమ్మా అని ఎప్పటిలాగే అడుగు, కానీ ఫోన్ పెట్టేసే ముందు ఒకసారి నువ్వు పైకి ప్రార్థన చెయ్యి, అమ్మ ఆమేన్ అంటుంది.